పచ్చజొన్న చేనిలో తెల్లకంకులు

జూలూరుపాడు ప్రాంతపు రైతు సోదరులారా! మీ భూములలో నేడు ప్రత్తిదే పెత్తనము. అయినను ఇంటి తిండికని కొద్దిపాటి పచ్చజొన్న వేయు అలవాటు ఈ వైపున పాతది. అట్టి రైతు ఒకరు అడిగిరి: "విత్తనము మా ఇంటిదే, కొన్నది కాదు. నిన్నటివరకు చేనంతయు పసుపే. ఈ తెల్లకంకులు ఎక్కడివి?"

దోషము ఈ ఏటిది కాదు, రెండేండ్ల క్రిందటిది. జొన్నపువ్వు చాలవరకు తన పుప్పొడితోనే గింజ కట్టును. కాని నూటికి 5 నుండి 15 గింజలు పొరుగు పుప్పొడితో కట్టుట కలదు. ప్రక్కచేనిలో తెల్లజొన్న అదే వారమున పూచినచో, ఆ పుప్పొడి గాలికి వచ్చి మీ కంకిపై పడును. ఆ గింజ రంగు మారదు, ఏలయన గింజపై పొర తల్లిమొక్కదే. లోని మొలకలో మాత్రము తెల్లరంగు జన్యువు చేరియుండును.

మరుసటి ఏడు ఆ గింజ మొక్కయై కంకి వేసినను పచ్చగనే కనబడును. పసుపు గుణము తెలుపును అణచిపెట్టును. (కొన్ని తెల్లజొన్నలతో కలిసినప్పుడు ఎర్రగింజలు వచ్చి రెండవ ఏటనే గుట్టు బయటపడును.) ఆ కంకి గింజలు మూడవ ఏడు విత్తినప్పుడు నాలుగు మొక్కలలో సుమారు ఒకటి తెల్లకంకి వేయును.

తెల్లవి ఏరివేసిన చాలదా? చాలదు. మిగిలిన మూడు పచ్చకంకులలో రెండు తెలుపును దాచుకొన్నవే. వాటిని కన్ను పట్టలేదు, సంతానమే పట్టియిచ్చును.

కోతకు ముందే చేని నడుమనుండి ఒక్కతీరుగనున్న 50 కంకులు ఎన్నుకొనుడు. ఎరువుకుప్ప వేసినచోట బలిసిన మొక్క వద్దు. ఆ బలము నేలది, జాతిది కాదు. ఒక్కొక్క కంకి గింజలు వేరు సంచిలో పోసి, సగము విత్తి సగము దాచుడు. కంకికొక సాలు, సాలుకు 20 మొక్కలకు తగ్గరాదు. ఏ సాలున ఒక్క తెల్లకంకి కనబడినను ఆ సంచి తిండికే. సాళ్ళలో పండిన గింజయు విత్తనమునకు పనికిరాదు, అన్నియు ప్రక్కప్రక్కనే పూచినవి కదా! శుద్ధముగ నిలిచిన సాళ్ళకు చెందిన దాచిన విత్తనమునే మరుసటి ఏడు కలిపి, ఇతర జొన్నకు 200 మీటర్ల ఎడమున పెంచవలెను.

ఇంత శ్రమ ఏల, హైబ్రిడ్ కొనరాదా అందురేమో. 1954లో అమెరికాలో స్టీఫెన్స్, హాలండ్ అనువారు పుప్పొడి లేని జొన్నను సాధించు మార్గము ప్రకటించిరి. దాని ఫలముగ 1964లో మన దేశపు మొదటి హైబ్రిడ్ జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలయ్యెను. దిగుబడి గొప్పదే. కాని హైబ్రిడ్ గింజను తిరిగి విత్తినచో గుణములు విడిపోవును, ఏటేట కొనవలసినదే. పైగా అది సుమారు 100 దినములకే పండుటచే, గింజ వానలలో చిక్కి బూజుపట్టి నల్లబడెడిది. మాఘీ పచ్చజొన్న అట్లు కాదు. పగళ్ళు తగ్గనిదే పూతకు రాదు. వానలు వెనుదీసిన పిదపనే గింజ గట్టిపడును.

ఈ పూతకాలము కూడ జన్యువుల పనియే. త్వరగా పూయు జొన్నతో కలిసినచో రంగుతోపాటు అదియు చెదరును. కావున సాలుసాలుకు పూత మొదలైన దినము సంచిపై వ్రాసికొనుడు. తోటివాటికంటె వారము పది దినములు ముందు పూచిన సాలును, అందు తెల్లకంకి లేకున్నను, విడిచిపెట్టుడు.