పీటీఎం నుంచి బీటీఎం దాకా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు వాళ్ళకి సిటీ అంటే హైదరాబాద్ కాదు, విజయవాడ అసలే కాదు. బెంగళూరు. టమాటా లారీలు పొయ్యేది అక్కడికే, డిగ్రీ అయిపోయినోళ్ళు బ్యాగు సర్దుకుని పొయ్యేదీ అక్కడికే. మా సోమలలో వీధికి ఇద్దరన్నా బెంగళూరులో ఉంటారు. పండక్కి వచ్చినప్పుడు వాళ్ళ మాటల్లో ఈ పేర్లు దొర్లతా ఉంటాయి: మారతహళ్ళి, బొమ్మనహళ్ళి, సింగసంద్ర, తిప్పసంద్ర, బీటీఎం, హెచ్‌ఎస్‌ఆర్. చిన్నప్పుడు నాకు ఇవన్నీ పాస్‌వర్డ్‌ల్లా వినపడేవి. ఎవరో పెట్టారు, వాళ్ళకే అర్థమవుతాయి అనుకునేవాణ్ణి.

తర్వాత తెలిసింది, వీటిల్లో సగం పేర్లు మన ఊర్ల పేర్లే. యాస వేరు, అంతే. కోడింగ్ క్లాసులో చెప్పినట్టు ఒక చిన్న రీప్లేస్ కమాండ్ చాలు.

పాత కన్నడలో మాట మొదట్లో ఉన్న 'ప' కాలం గడిచేకొద్దీ 'హ' అయింది. దాదాపు పదో శతాబ్దం నుంచి పధ్నాలుగో శతాబ్దం మధ్యలో నెమ్మదిగా జరిగిన మార్పు ఇది. తెలుగులో జరగలేదు, తమిళంలో జరగలేదు. అందుకే మన పాలు వాళ్ళకి హాలు, మన పులి హులి, పువ్వు హూవు, పంది హంది, పొగ హొగె. ఇంక పల్లె ఏమవుతుంది? హళ్ళి. అంటే బొమ్మనహళ్ళి మన దగ్గరుంటే బొమ్మనపల్లె అయ్యేది. మదనపల్లె, తంబళ్ళపల్లె, చౌడేపల్లె బోర్డర్ దాటి పుట్టుంటే మదనహళ్ళి, తంబళ్ళహళ్ళి, చౌడేహళ్ళి. సంస్కృతం నుంచి వచ్చిన 'పుర' మాత్రం మారలేదు, అందుకే కేఆర్ పురం కేఆర్ పురంగానే మిగిలింది.

మదనపల్లెలో బస్సెక్కితే చింతామణి దాటినాక హొసకోటె వస్తుంది. హొస అంటే కొత్త (ఇదీ పాత కన్నడలో 'పొస'నే), కోటె అంటే కోట. కొత్తకోట! మదనపల్లె పక్కన, హార్స్‌లీ హిల్స్ కింద బి.కొత్తకోట ఉంది కదా, దానికి కన్నడ తోబుట్టువు ఇది. అట్లే హోసూరు అంటే కొత్తూరు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అని స్టైల్‌గా చెప్పేదాంట్లో మొదటి అక్షరం మన కొత్తూరే. హోసూరు-సర్జాపూర్ రోడ్డు అనే మూడు ముక్కల్ని కుదిస్తే హెచ్‌ఎస్‌ఆర్.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఊరి పేరు అర్థమైనట్టు అనిపించగానే కథ అల్లెయ్యడం మనకి బాగా అలవాటు. బెంగళూరు పేరు మీద ఉన్న కథ మీరు వినే ఉంటారు. హొయసల రాజు వీర బల్లాలుడు వేటకొచ్చి దారి తప్పాడంట, ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందంట, అందుకని ఆ చోటు 'బెందకాళూరు' అయిందంట. వినడానికి బాగుంది. కానీ టైమ్‌స్టాంప్ కుదరదు. ఎలక్ట్రానిక్ సిటీకి దగ్గర్లో బేగూరు అనే చోట నాగేశ్వర గుడి ఉంది. అక్కడ దొరికిన ఒక వీరగల్లు మీద, అంటే యుద్ధంలో చనిపోయిన వీరుడికి పెట్టిన రాయి మీద, 'బెంగళూరు' యుద్ధం అని చెక్కి ఉంది. అది గంగరాజుల కాలం, దాదాపు క్రీ.శ. 890. బల్లాలుడు రాజ్యం చేసింది పన్నెండో శతాబ్దం చివర్లో. ఆయన ఆకలితో తిరిగేదానికి మూడొందల ఏళ్ళ ముందే ఊరికి పేరుంది! 2014 నవంబర్ 1న 'బ్యాంగలోర్' తీసేసి అధికారికంగా 'బెంగళూరు' అని మార్చినప్పుడు కొత్త పేరు పెట్టారని కొంతమంది విసుక్కున్నారు. పదకొండు వందల ఏళ్ళనాటి స్పెల్లింగ్‌కి తిరిగొచ్చారు, అంతే.

సరే, నాకు అన్నిటికన్నా నచ్చిన ముక్కకి వస్తాను. సంద్ర.

బెంగళూరులో సంద్రలు ఎన్నో. తిప్పసంద్ర, సింగసంద్ర, బొమ్మసంద్ర, దొమ్మసంద్ర, బైరసంద్ర. ఈ సంద్ర ఏంటి? సముద్రం. వాడుకలో అరిగి అరిగి సంద్ర అయింది. మనకి ఇది వెంటనే తట్టాలి, ఎందుకంటే తెలుగులో కూడా సముద్రాన్ని సంద్రం అంటాం. కానీ సముద్ర మట్టానికి మూడు వేల అడుగుల ఎత్తులో, దగ్గర్లో ఒక పెద్ద నది కూడా లేని చోట సముద్రమేంది?

చెరువు. పెద్ద చెరువుని సముద్రం అన్నారు. మన రాయలసీమలో అయితే ఇది ఎవరికీ వింత కాదు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. పుంగనూరు దగ్గర రామసముద్రం ఉంది. మదనపల్లె వైపే పెద్దతిప్పసముద్రం ఉంది. ఇంకోసారి చదవండి: పెద్ద-తిప్ప-సముద్రం. అక్కడ ఇందిరానగర్ పక్కన తిప్ప-సంద్ర. ఒకే పేరు! ఒకటి మండలం, ఇంకోటి హెచ్‌ఏఎల్ పక్కన అద్దె చూస్తే గుండె ఆగిపోయే ఏరియా.

ఇంకా సరదా ఏందంటే, పెద్దతిప్పసముద్రం అని నోరారా పిలిచేవాళ్ళు మనవైపు తక్కువ. అందరూ పీటీఎం అంటారు. బెంగళూరులో బీటీఎం లేఅవుట్ ఉంది. ఆ 'బీ' ఏంటో అక్కడే మూడేళ్ళుగా ఉంటున్న మా సీనియర్లని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. బైరసంద్ర, తావరెకెరె, మడివాళ. మూడూర్ల మధ్య లేఅవుట్ వేసి మూడింటి తలకాయలు కలిపి పేరు పెట్టారు. బైరసంద్రలో సముద్రం ఉంది. తావరెకెరె అంటే తామర చెరువు. మడివాళ అంటే బట్టలుతికే వాళ్ళు, వాళ్ళకి నీళ్ళు లేకుండా కుదరదు. మూడు అక్షరాల్లో మూడూ నీళ్ళ పేర్లే! మన పీటీఎంలో 'ఎం' సముద్రం చివరి సున్నా, వాళ్ళ బీటీఎంలో సముద్రం 'బీ' వెనకాల దాక్కుని ఉంది.

ఈ షార్ట్‌కట్‌తో పోయేది పేరు అందం మాత్రమే అయితే నేను ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు.

బెంగళూరు ఒక గట్టు మీద ఉన్న ఊరు. వాననీళ్ళు మూడు లోయల్లోకి దిగుతాయి: హెబ్బాళ వైపు ఒకటి, కోరమంగళ-చల్లఘట్ట వైపు ఒకటి, వృషభావతి వైపు ఒకటి. పాతకాలం వాళ్ళు ఆ లోయల పొడుగునా కట్టలేసి చెరువులు కట్టారు. పైచెరువు నిండితే మొరవ పోతుంది, ఆ నీళ్ళు కాలువలో కింది చెరువుకి చేరతాయి, అది నిండితే దాని కిందిదానికి. మా ఊర్లలో ముసలోళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, "చెరువు మొరవ పోతాంది" అంటేనే పండగ. మనకి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే అది లింక్డ్ లిస్ట్. ప్రతి చెరువు ఒక నోడ్, కాలువ పాయింటర్. కోరమంగళ లోయ నీళ్ళు ఇట్లే బెళ్ళందూరు చెరువుకి, అక్కడి నుంచి వర్తూరు చెరువుకి, తర్వాత దక్షిణ పినాకినిలోకి పోతాయి.

మధ్యలో నోడ్ డిలీట్ చేసి పాయింటర్ సరిచెయ్యకపోతే ఏమవుతుందో సెకండ్ ఇయర్‌లో చూశాం. బెంగళూరులో చాలా నోడ్‌లు డిలీట్ చేశారు. సంపంగి చెరువు పోయి కంఠీరవ స్టేడియం వచ్చింది. మనం ఊరినుంచి పోయి దిగే మెజెస్టిక్ బస్టాండ్ ఉండేది ధర్మాంబుధి చెరువు అడుగున. అంబుధి అన్నా సముద్రమే! ఆ ఏరియాకి ఇప్పుడున్న 'మెజెస్టిక్' పేరు ఒక సినిమా హాలుది. చెరువుదేమో పోయింది, హాలుదేమో నిలిచింది.

2022 సెప్టెంబర్ మొదట్లో వానలకి అవుటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు వైపు మునిగిపోయి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయిన వీడియోలు మనమంతా ఫార్వర్డ్ చేసుకుని నవ్వుకున్నాం. మా పెదనాన్న కొడుకు మాత్రం నవ్వలేదు. వాడు ఉండేది పేరు చివర సంద్ర ఉన్న ఒక ఏరియాలో, గ్రౌండ్ ఫ్లోర్‌లో. అద్దె తక్కువని తీసుకున్నాడు. రాత్రి రెండు గంటలకి పరుపు కింద తడి తగిలి లేచాడంట. ల్యాప్‌టాప్, సర్టిఫికెట్లు నెత్తిన పెట్టుకుని మేడ మీదికెక్కి తెల్లారేదాకా కూర్చున్నాడు. "నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయన్నా?" అని అడిగితే, "వైపేందిరా, కింద నుంచే ఊరినట్టు వచ్చినాయి" అన్నాడు. ఆ ఏరియా పేరుకి అర్థం అప్పటికి నాకూ తెలియదు, వాడికీ తెలియదు. పేరులో సంద్ర ఉన్న ప్రతి వీధీ మునగదు, నిజమే. మునగాలంటే కాలువ మూసుండాలి, వీధి పల్లంలో ఉండాలి. కానీ పీజీ చూసేటప్పుడు ఫుడ్ బాగుంటుందా, వైఫై ఉందా అని అడిగే మనం, పేరు చివర సంద్ర గానీ కెరె గానీ కనిపిస్తే పైఅంతస్తు ఉందా అని కూడా అడగొచ్చు కదా.

మిగతా పేర్లు కొంచెం త్వరగా చెప్పేస్తాను. 1537లో కెంపేగౌడ కట్టించిన పాత ఊర్లో పేటలన్నీ సరుకుల పేర్లతో, పనివాళ్ళ పేర్లతో ఉంటాయి. అక్కిపేటె బియ్యానిది, బళేపేటె గాజులది, అరళెపేటె దూదిది (దీన్నే ఇంగ్లీష్‌లో కాటన్‌పేట అన్నారు), కుంబారపేటె కుమ్మర్లది. 1898లో ప్లేగు వచ్చి ఆ ఇరుకు పేటల్లో జనం చచ్చిపోతుంటే, గాలి వెలుతురు వచ్చేటట్టు ప్లాన్ వేసి కొత్తగా కట్టినవి బసవనగుడి, మల్లేశ్వరం. బసవన్న గుడి, మల్లేశ్వరుడి గుడి, వీటికి డిక్షనరీ అక్కర్లేదు. కార్తీకమాసంలో బసవనగుడిలో జరిగే కడలెకాయి పరిషె అంటే చెనక్కాయల పరస. మనవైపు వాళ్ళం ఊర్లో ఉన్నట్టే తిరగొచ్చు.

బ్రిటిష్ వాళ్ళు 1809లో శ్రీరంగపట్నం నుంచి సైన్యాన్ని ఇక్కడికి మార్చి కంటోన్మెంట్ పెట్టినాక ఇంకో రకం పేర్లు మొదలయ్యాయి. ఫ్రేజర్ టౌన్‌కి పులకేశినగర్ అని అధికారికంగా మార్చినా ఫ్రేజర్ టౌన్ అనేవాళ్ళే ఎక్కువ. వైట్‌ఫీల్డ్ అంటే తెల్లటి పొలం అని నేను చాలాకాలం అనుకున్నా. డి.ఎస్. వైట్ అనే ఆయన ఆంగ్లో ఇండియన్ల సంఘం నాయకుడు. వాళ్ళు ఊరు కట్టుకోవడానికి 1882లో మైసూరు మహారాజా చామరాజ ఒడెయరు 3,900 ఎకరాలిచ్చాడు. సాగుచేసి బతుకుదామని వచ్చిన వాళ్ళ ఊరు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఊరు. మన దగ్గరా ఇదే కథ ఉంది, కడప కలెక్టర్ హార్స్‌లీ చల్లగా ఉందని ఇల్లు కట్టుకుంటే ఏనుగు మల్లమ్మ కొండ కాస్తా హార్స్‌లీ హిల్స్ అయింది.

కుప్పంలో బెంగళూరు రైలెక్కేవాళ్ళకి బంగారపేట తెలుసు. కోలారు బంగారు గనులు పక్కనే కాబట్టి బంగారపేట, ఇంతకన్నా సులువైన అర్థం ఉండదు అనుకుంటాం. బ్రిటిష్ రికార్డుల్లో దాని పేరు బౌరింగ్‌పేట, 1862 నుంచి 1870 వరకు మైసూరు కమిషనర్‌గా ఉన్న లెవిన్ బౌరింగ్ పేరు మీద. ఆ బౌరింగ్‌ని జనం నోరు బంగారం చేసేసింది. ఇదొక్కటి మాత్రం ఆటోకరెక్ట్ మనకి లాభంగా పనిచేసిన కేసు.

ఇక చివరి రకం, మన కాలం పేర్లు. 1978లో కియోనిక్స్ అనే కర్ణాటక ప్రభుత్వ సంస్థ, ఆర్.కె. బాళిగ ఆధ్వర్యంలో, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు ఊర్లలో 332 ఎకరాలు తీసుకుని ఎలక్ట్రానిక్ సిటీ మొదలుపెట్టింది. కోనప్ప అనే మనిషి, ఆయన అగ్రహారం, ఈ రెండూ ఫేజ్ వన్, ఫేజ్ టూ కింద పోయాయి. 2025 ఆగస్టులో ఆ దారిలో మెట్రో ఎల్లో లైన్ తెరిచినప్పుడు పాత పేర్లు స్టేషన్ బోర్డుల మీదికి తిరిగొచ్చాయి, కాకపోతే ముందొక కంపెనీ పేరు తగిలించుకుని: ఇన్ఫోసిస్ ఫౌండేషన్ కోనప్పన అగ్రహార, బయోకాన్ హెబ్బగోడి. లైన్ చివరి స్టేషన్ డెల్టా ఎలక్ట్రానిక్స్ బొమ్మసంద్ర. పోయిన నెల మా అన్న (పరుపు తడిసిన అన్నే) ఫోన్ చేసి ఇప్పుడు ఆ లైన్‌లోనే ఆఫీసుకి పోతున్నా అన్నాడు. ఎక్కడ దిగుతావన్నా అంటే "సంద్రలో" అన్నాడు. కొత్త రూమ్ మూడో అంతస్తులో తీసుకున్నాడంట.