తెరవకముందే ఫైలు గుట్టు పట్టే కొలువు

నోటిఫికేషన్ పడిందంటే మద్నూర్, బిచ్కుంద, పిట్లం ఆన్‌లైన్ సెంటర్లలో సందడి మొదలవుతుంది. పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్... జుక్కల్ నియోజకవర్గంలో ఎందరో అభ్యర్థుల వివరాలు ఆ కొద్దిపాటి కంప్యూటర్లలోనే స్కాన్ అవుతుంటాయి. ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన తెలియని ప్రోగ్రామ్‌ను అక్కడ నొక్కితే నష్టం ఒక్కరితో ఆగదు. ‘ఇది నొక్కొచ్చా, వద్దా?’ అన్న ప్రశ్నకు ఆధారాలతో జవాబు చెప్పగలగడం ఇవాళ ఒక వృత్తి. మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) అనలిస్ట్, ఎస్ఓసీ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) అనలిస్ట్ అని కంపెనీలు పిలిచే కొలువులు ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. తొలి పాఠాలకు ఫీజు కట్టాల్సిన పని కూడా లేదు.

ఉద్యోగాల వేటలో ఉన్నవారికి ఈ విద్య ముందుగా తమ కోసమే కావాలి. 2022 మార్చిలో యాక్సీ ఇన్ఫినిటీ ఆటకు చెందిన రోనిన్ నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో సొమ్ము పోయింది. లింక్డ్ఇన్‌లో పరిచయం, ఇంటర్వ్యూలు, మంచి జీతం, ఆపై ఆఫర్ లెటర్ పేరుతో ఒక పీడీఎఫ్. దాన్ని ఆ ఆట సంస్థ ఇంజినీరు తెరవడంతోనే దొంగలకు దారి దొరికిందని ఆ తర్వాత వార్తలొచ్చాయి. 2023 నవంబరులో పాలో ఆల్టో సంస్థ పరిశోధకులు ఇంకో ఎత్తుగడ బయటపెట్టారు. ఇంటర్వ్యూలో భాగంగా ఈ కోడ్ దించుకుని నడపండని అభ్యర్థికి చెప్పడం, ఆ కోడ్‌లోనే దొంగ ప్రోగ్రామ్ దాచడం. ఇక మన పల్లెల్లో పెళ్లి పత్రిక, పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైళ్ల గురించి పోలీసులు పదేపదే హెచ్చరిస్తూనే ఉన్నారు.

ఫైలు పరీక్ష దాని పేరుతోనే మొదలవ్వాలి. 2000 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన ‘ఐ లవ్ యూ’ వైరస్ ఫైలు పేరులో టీఎక్స్‌టీ, దాని తర్వాత చివరన వీబీఎస్ ఉన్నాయి. ఎక్స్‌టెన్షన్ అనే ఆ చివరి అక్షరాలను విండోస్ దాచేయడంతో జనానికి మామూలు ఉత్తరంలాగే కనిపించింది. ఆ దాచే అలవాటు విండోస్‌కు ఇప్పటికీ ఉంది. కొత్త కంప్యూటర్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా సెట్టింగ్ మార్చడం మొదటి పని. పేరు మార్చినా ఫైలు లోపలి మొదటి అక్షరాలు మాత్రం మారవు. విండోస్ ఈఎక్స్ఈ ప్రోగ్రామ్ ఏదైనా ‘ఎం జెడ్’ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాలతో మొదలవుతుంది. ఆ ఫార్మాట్ రూపొందించిన మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. ఏపీకే నిజానికి జిప్ ఫైలే కాబట్టి ‘పీ కే’తో మొదలవుతుంది. హెక్స్ ఎడిటర్‌లో ఫైలును నడపకుండానే ఈ అక్షరాలు చూడొచ్చు. పీడీఎఫ్ అని చెప్పుకునే ఫైలు ‘ఎం జెడ్’తో మొదలైతే అది మోసమే, ఇక సందేహమే అక్కర్లేదు.

తర్వాత హ్యాష్. పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం ఇస్తే ఆ ఫైలుకు 64 అక్షరాల ఎస్‌హెచ్ఏ-256 సంఖ్య వస్తుంది. మనిషికి వేలిముద్ర ఎలాంటిదో ఫైలుకు ఇది అలాంటిది. ఆ సంఖ్యను వైరస్‌టోటల్‌లో వెతకాలి. 2004లో స్పెయిన్‌లో మొదలై 2012లో గూగుల్ చేతికొచ్చిన ఈ ఉచిత సేవ డజన్ల కొద్దీ యాంటీవైరస్‌ల తీర్పును ఒకేచోట చూపిస్తుంది. ఫైలునే ఎక్కించే సౌకర్యమూ ఉంది. కానీ ఎక్కించిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికి వెళ్తాయి కనుక ఆధార్, మార్కుల మెమోల వంటివి అందులో పెట్టకూడదు.

తీర్పును చదవడంలోనే అనలిస్ట్ పనితనం తెలుస్తుంది. ఒక్క యాంటీవైరస్ కూడా పట్టుకోలేదంటే ఫైలు మంచిదని కాదు, నిన్ననే పుట్టిన కొత్త మాల్వేర్ కావచ్చు. డెబ్బై యాంటీవైరస్‌లలో ఒకటో రెండో తప్పుపడితే అది పొరపాటు హెచ్చరిక కావచ్చు. ఫైలు మొదటిసారి ఎప్పుడు కనిపించింది, ఎవరి డిజిటల్ సంతకం ఉంది అన్నవీ చూడాలి. సంతకాన్నీ గుడ్డిగా నమ్మడానికి లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దొంగలు తమ కోడ్ చొప్పించారు. అసలైన కంపెనీ సంతకంతో, అసలైన కంపెనీ సర్వర్ నుంచే అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చేరింది.

అప్పటికీ తేలకపోతే వేరుచేసిన చోట నడిపి చూడాలి. విండోస్ ప్రోలో శాండ్‌బాక్స్ ఉంది. హోమ్ ఎడిషన్‌లో లేదు, దానికి వర్చువల్‌బాక్స్ వాడొచ్చు. సాధనకు నిజమైన వైరస్‌లు వద్దు. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూసేందుకే తయారైన ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాలే, ఏ హానీ చేయదు. పట్టు చిక్కాక అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ 2019లో ఉచితంగా విడుదల చేసిన గిడ్రా అనే సాధనంతో ప్రోగ్రామ్ లోపలి ఆదేశాలను విప్పి చదవొచ్చు. దానికి సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్‌ల పునాది కావాలి. ఇక్కడ తొందరపడితే లాభం లేదు.

ఈ దారిలో పెద్ద డిగ్రీ లేకుండా ఎదిగినవారు పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. మహారాష్ట్రకు చెందిన కైలాశ్ కాట్కర్ పదో తరగతితో చదువు ఆపి పుణెలో కాలిక్యులేటర్లు బాగుచేశారు. తమ్ముడు సంజయ్‌ను కంప్యూటర్ సైన్స్ చదివించారు. సంజయ్ రాసిన వైరస్ తొలగించే ప్రోగ్రామే క్విక్ హీల్ కంపెనీకి మొదలు. 2016లో అది స్టాక్ మార్కెట్‌కెక్కింది.

జుక్కల్ విద్యార్థికి పది తర్వాత బాసర ట్రిపుల్ ఐటీ, డిగ్రీ అయ్యాక భిక్కనూరులోని తెలంగాణ యూనివర్సిటీ సౌత్ క్యాంపస్ అందుబాటులో ఉన్నాయి. ఇంజినీరింగ్ పూర్తిచేసినవారు సీ-క్యాట్ ప్రవేశ పరీక్ష రాసి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి సిస్టమ్స్, సెక్యూరిటీ పీజీ డిప్లొమాలో చేరవచ్చు. పనికీ కొదవ లేదు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) దాడికి గురయ్యాయి. బ్యాంకులు, పోలీసు సైబర్ విభాగాలు, ఐటీ కంపెనీలు అన్నింటికీ ఇలాంటి మనుషులు కావాలి.

ఇంటర్వ్యూకు వెళ్లే జుక్కల్ యువత తమ రెజ్యూమెలో తప్పక రాయాల్సింది ఇంకొకటుంది. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల నడుమ పెరిగిన ఈ పిల్లల్లో చాలామందికి తెలుగుతోపాటు మరాఠీ, కన్నడ వచ్చు. ఏపీకే మోసాల ఎర సందేశాలు స్థానిక భాషల్లోనే వస్తాయి. ఏ పథకం పేరు వాడారు, ఏ బ్యాంకును అనుకరించారు, అనువాదం ఎక్కడ తేడా కొట్టింది అన్నది మూడు భాషల్లోనూ పసిగట్టి నివేదిక రాయగల అనలిస్టులు హైదరాబాద్‌లోనూ, పుణెలోనూ, బెంగళూరులోనూ పనికొస్తారు.