వెనక డిస్కు వేయించే ముందు ఒక్క నట్టు తిప్పి చూడండి

మీ మనసులో ఒక కోరిక తిరుగుతోంది. బండికి వెనక చక్రానికి కూడా డిస్క్ బ్రేకు వేయించాలని. పక్కింటి కుర్రాడి కొత్త బండికి రెండు డిస్కులూ తళతళా మెరుస్తున్నాయి. మీ బండికి చూస్తే వెనక అదే పాత డ్రమ్ము.

కోరికలో తప్పేం లేదు. బాగుపడాలనుకునేవాళ్లకే అప్‌గ్రేడ్ ఆలోచన వస్తుంది. మీకు వచ్చింది, శభాష్. ఇప్పుడు ఒక్క ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పండి. మీకు కావాల్సింది డిస్కా? బండి ఆగడమా?

నేనూ రెండూ ఒకటే అనుకున్నాను.

ఫిబ్రవరి నెల, మిర్చి సీజన్. నరసరావుపేట నుంచి వినుకొండ వస్తున్నాను. పొద్దుగూకింది. ముందు ఒక ట్రాక్టరు, దాని ట్రక్కు నిండా మిర్చి టిక్కీలు. వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు కూడా లేదు. చూసేసరికి దగ్గరైపోయింది. పెడల్ మీద నిలబడ్డంత పని చేశాను. బండి ఆగదే! చేయి చాపితే గోతాం తగిలేంత దగ్గర ఆగింది. ప్రాణం గుప్పిట్లో ఉన్న ఆ క్షణంలో నాకు వచ్చిందేమిటో తెలుసా? తుమ్ము. మిర్చి ఘాటు ఎవర్నీ వదలదు.

తెల్లారి నేరుగా మెకానిక్ దగ్గరికి.

“బాబాయ్, వెనక డిస్కు వేసెయ్. ఎంతయినా పర్లేదు.”

ఆయన నా మాట విననట్టే బండికి పెద్ద స్టాండు వేశాడు. వెనక చక్రం చేత్తో తిప్పాడు. పెడల్ చేత్తోనే కిందికి నొక్కాడు. “ఏంది అబ్బాయ్, ఇంత దిగుతుంటే ఎట్టా తిరుగుతున్నావ్?” అని చక్రం విప్పాడు. లోపల నల్లటి పిండిలాంటి దుమ్ము. లైనర్లు గాజుపెంకులా నున్నగా మెరుస్తున్నాయి. షూలని తెరిచే కామ్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆయన దుమ్ముని గాలి కొట్టి ఊదలేదు, తడిగుడ్డతో తుడిచాడు. మీరూ అదే చేయించండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. కొత్త షూల జత వేశాడు. కామ్‌కి చిటికెడు గ్రీజు రాశాడు. రాడ్డు చివరి నట్టు కొంచెం తిప్పడం, పెడల్ నొక్కడం, చక్రం తిప్పి చెవి పెట్టి వినడం. అరగంటలో అయిపోయింది. ఖర్చు కొన్ని వందలు. నేను వేలు జేబులో పెట్టుకుని వెళ్లాను!

బండి ఇస్తూ ఒక మాట అడిగాడు. “ఆ ముందు బ్రేకు ఎప్పుడన్నా పట్టుకున్నావా?”

నేను మాట్లాడలేదు.

అసలు సంగతి ఇక్కడుంది. బండి నేర్పిన రోజున మనకి బాబాయో, మావయ్యో ఒక మాట చెప్పి ఉంటారు. “ముందు బ్రేకు వేశావంటే బోల్తా కొడతావు.” ప్రేమతోనే చెప్పారు. కానీ ఆ భయం మన కుడిచేతి వేళ్లలో ఇరవై ఏళ్లయినా దిగకుండా కూర్చుంది. బస్సులో డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకి తూలుతారు, చూశారుగా? బండి బరువూ అంతే, ముందు చక్రం మీదికి తూలుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది. గట్టిగా ఆపేటప్పుడు దాదాపు 70 శాతం పని ముందు చక్రానిదే. తేలికైపోయిన వెనక చక్రానికి ఎంత ఖరీదైన బ్రేకు పెట్టినా అది జారుతుంది తప్ప ఆపదు.

హోండా 1969లో సీబీ750 తెచ్చింది. 736 సీసీ ఇంజను, దాదాపు 200 కిలోమీటర్ల స్పీడు, ప్రపంచమంతా నోరు తెరిచి చూసిన బండి. దానికి ముందు డిస్కు. వెనక? డ్రమ్మే. వాళ్లు పిసినారులు కాదు, డబ్బు ఏ చక్రానికి పెట్టాలో తెలిసినవాళ్లు.

ఇక మీ బండి సంగతి మీరే తేల్చుకోండి. ఈ ఆదివారం పొద్దున్నే, హెల్మెట్ పెట్టుకుని, ఖాళీ గ్రౌండుకి రండి.

1. మొదట టైర్లు చూడండి. గాడుల మధ్య అరుగుదల గుర్తు ఉంటుంది. రబ్బరు అక్కడిదాకా అరిగితే బ్రేకు గురించి మాట్లాడడం దండగ. టైరు మార్చండి.

2. పెడల్ ప్లే చూడండి. చాలా డ్రమ్ము బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. రెండు వేళ్ల వెడల్పు దాటి దిగుతుంటే నట్టు తిప్పాల్సిందే. మీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ ఎక్కడుందో తెలియదా? వెతకండి, అదీ ఒక మంచి అలవాటే.

3. వెనక డ్రమ్ము పక్కన బ్రేకు ఆర్మ్ దగ్గర చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం ప్లేటు మీది గీతని చేరిందంటే షూలు అయిపోయినట్టే.

4. తిన్నటి దారిలో 20 స్పీడులో వెళ్తూ వెనక బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కండి. చక్రం బిగుసుకుని జరజరా జారిందా? అయితే మీ డ్రమ్ముకి బలం సరిపోతోంది. టైరు పట్టు ఎంతో అంతా అది వాడేస్తోంది. డిస్కు వేసినా అంతకంటే ముందు ఆగదు. చక్రం బిగుసుకోలేదా? అయితే రిపేరు ఉంది. రిపేరుని అప్‌గ్రేడ్ అని పిలుచుకోకండి.

ఇంకో లెక్క. 60 స్పీడులో మీరు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతారు. ఎదుటిది చూసి, బుర్ర పనిచేసి, వేలు బ్రేకు మీదికి రావడానికి ఒక సెకను. పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా వేస్తే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 37. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే ఆ 20 కాస్తా 40 దగ్గరికి పోతుంది. అదే 40 స్పీడులో అయితే? ఆలోచనకి 11, ఆగడానికి 9. మొత్తం 20 మీటర్లే. చీకటిపడ్డాక టిక్కీల ట్రాక్టర్లు తిరిగే రోడ్డు మీద ఆ 17 మీటర్ల తేడా మీకు ఏ షోరూములోనూ దొరకదు. మీ కుడి మణికట్టులో దొరుకుతుంది.

అలవాటు మార్చుకోవడం కష్టమనకండి. రోజూ పది నిమిషాలు, ఒక్క వారం చాలు. రెండు వేళ్లు ముందు లీవరు మీద పెట్టండి. లాగొద్దు, నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టి చేయండి. కాలు తోడుగా వెనక బ్రేకు. మొదట 20లో, తర్వాత 30లో, తర్వాత 40లో. మూడో రోజుకి భయం పోతుంది. ఏడో రోజుకి చేయి తనంతట తనే చేస్తుంది. ఇసుక మీద, తడి మట్టి మీద మాత్రం ముందు బ్రేకు ఇంకా సుతారంగా వేయండి. తొలకరికి ట్రాక్టరు చక్రాలు చేలోంచి మోసుకొచ్చిన నల్లరేగడి బంక రోడ్డు మీద పడి ఉంటుందే, దాని మీద డిస్కయినా డ్రమ్మయినా ఒకటే. అక్కడ పనిచేసేది ఒక్క తగ్గించిన స్పీడే.

సీతమ్మ సంగతి రాముడు మా వినుకొండలోనే విన్నాడని, అందుకే ఆ పేరు వచ్చిందని మన పెద్దలు చెబుతారు. ఊరి పేరులోనే వినమని ఉంది కదా, మీ బండినీ వినండి. కీచుమంటే దుమ్మో, నున్నబడిన లైనరో. ఇనుము ఇనుముని గీరినట్టుంటే ఆ రోజే విప్పించండి, రేపనొద్దు. వాగు మీద చప్టా దాటాక డ్రమ్ములో నీళ్లు చేరి బ్రేకు పట్టదు. కొంతదూరం నెమ్మదిగా పోతూ పెడల్ తేలిగ్గా నొక్కి పట్టుకోండి, ఆరిపోతుంది.

మరి డిస్కు ఎవరికీ అక్కర్లేదా? కావాలి, కొందరికి. నెలనెలా ఇంటావిడని, సామానుని ఎక్కించుకుని దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవాళ్లు ఉన్నారు. వెనక బరువుంటే వెనక బ్రేకుకీ పని పెరుగుతుంది. దిగుడులో ఆపకుండా నొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, పెడల్ దిగిపోతూ ఉంటుంది. డిస్కు గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి త్వరగా చల్లబడుతుంది. అయినా సరే, గేరు తగ్గించి ఇంజనుతో ఆపుకుంటూ దిగడం నేర్చుకోండి. అది ఫ్రీ.

అలాంటివాళ్లు కూడా పాత బండికి వెనక డిస్కు బిగించొద్దని నా గట్టి మాట. కారణాలు చెబుతాను. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బళ్లకి ఏబీఎస్ (చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి, అంతకు లోపు వాటికి కనీసం సీబీఎస్. సీబీఎస్ బండికి మీరు పెడల్ నొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. వెనక డ్రమ్ము పీకి డిస్కు పెడితే ఆ లింకు తెగిపోతుంది. అంటే డబ్బిచ్చి ఉన్న రక్షణ పోగొట్టుకున్నట్టు! పైగా కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది ఇలాంటివే.

కొత్త బండి కొనేటప్పుడు మాత్రం ధైర్యంగా ఎంచుకోండి. కంపెనీయే ట్విన్ డిస్కు ఇస్తోందా, తీసుకోండి. బడ్జెట్ తక్కువా? వరస ఇది: మొదట ముందు డిస్కు, తర్వాత ఏబీఎస్, వెనక డిస్కు అన్నిటికంటే చివర. సింగిల్ ఛానెల్ ఏబీఎస్ ముందు చక్రానికే పనిచేస్తుందని కూడా తెలుసుకుని బేరమాడండి. కార్లవాళ్లూ బెంగపడొద్దు. స్విఫ్ట్, డిజైర్లకి వెనక డ్రమ్ములే. ఊళ్లో తిరగడానికి అవి బ్రహ్మాండంగా చాలు.

మొన్న సంక్రాంతికి ముందు బండి సర్వీసుకిచ్చాను. బాబాయ్ వెనక చక్రం చూశాడు, ఏమీ అనలేదు. ముందు చక్రం దగ్గర కూర్చుని కాలిపర్‌లోకి టార్చి వేశాడు.

“ముందు ప్యాడ్లు అరిగిపోయినయ్ అబ్బాయ్, మార్చాలి.”

“మార్చు బాబాయ్.”

“అంటే వాడుతున్నావన్న మాట,” అన్నాడు, స్పానరు కోసం చేయి చాపుతూ.