ఆడని ఆటలకు సున్నలు

కిందటేడు కాలేజీ కబడ్డీ జట్టు ఎంపిక రోజు రాత్రి మా హాస్టల్లో పెద్ద వాదన జరిగింది. అంతా ఒక్క కుర్రాడి గురించే. కూతకి వెళ్ళాడంటే వట్టి చేతుల్తో తిరిగి రాడు. కానీ మూడు ఆటలాడితే రెండింట్లో రెఫరీ మీదికి వెళ్ళి, పసుపు కార్డు చూపించుకుని, గీత బయట కూర్చునేవాడు. ప్రాక్టీసుకి బుద్ధి పుడితే వస్తాడు, లేకపోతే లేదు. "వాడికి మూడ్ వచ్చిన రోజున వాడొక్కడే ఏడుగురి పెట్టు, తీసుకోవాల్సిందే" అని గట్టిగా వాదించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ తరవాత రగ్బీ లీగ్ ఆట చరిత్ర చదువుతుంటే లెస్ బాయ్డ్ అనే ఆస్ట్రేలియా ఆటగాడి సంగతి తటస్థపడింది. అది చదివాక నా వాదన మీద నాకే అనుమానం పుట్టింది. ఈ వ్యాసం ఆ అనుమానం గురించే.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. 1895లో ఉత్తర ఇంగ్లండులోని క్లబ్బులు రగ్బీ సంఘం నుంచి విడిపోయాయి. ఆట కోసం పని మానుకున్న కార్మికులకు ఆ రోజు కూలి నష్టం కట్టివ్వాలా, వద్దా అన్నదే తగువు. అలా పుట్టింది రగ్బీ లీగ్. జట్టుకి పదమూడు మంది. బంతి ఉన్న జట్టుని అవతలివాళ్ళు ఆరుసార్లు పట్టి పడగొట్టేలోగా గీత దాటి బంతిని నేలకి ఆనించాలి. లేకపోతే బంతి అవతలివాళ్ళదే. ఈ ఆరు పట్లలో బంతిని గుండెకి హత్తుకుని ఎదుటివాళ్ళ గుంపులోకి దూసుకుపోయేవాడు ఫార్వర్డు. మళ్ళీ పట్టడానికి అడ్డం పడేవాడూ వాడే. మన చెడుగుడులో కూతా పట్టూ రెండూ ఒక్కడే చేసినట్టన్నమాట. మెత్తటివాడికి అక్కడ చోటు లేదు.

బాయ్డ్ సరిగ్గా ఆ పనికే పుట్టినట్టుండేవాడు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కూటమండ్రా అని ఒక చిన్న ఊరుంది. క్రికెట్ బ్రాడ్‌మన్ పుట్టిన ఊరు. బాయ్డ్ అక్కణ్ణించి 1976లో సిడ్నీ వచ్చి వెస్టర్న్ సబర్బ్స్ క్లబ్బులో చేరాడు. అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు, అంటే నా ఈడు కూడా లేదు. 1978కల్లా దేశం జట్టులో ఉన్నాడు. 1982లో ఆస్ట్రేలియా జట్టు ఇంగ్లండు, ఫ్రాన్సు పర్యటనలో ఆడిన 22 ఆటలూ గెలిచి వచ్చింది. ఆ జట్టులోనూ ఉన్నాడు. ప్రతిభ గురించి ఇంకేం చెప్పాలి?

1983 జూన్‌లో బ్రిస్బేన్‌లో న్యూ సౌత్ వేల్స్‌కీ క్వీన్స్‌లాండ్‌కీ మధ్య స్టేట్ ఆఫ్ ఆరిజిన్ పోటీ జరిగింది. క్వీన్స్‌లాండ్ తరఫున డారిల్ బ్రోమన్ అనే ఫార్వర్డుకి ఆ పోటీల్లో అదే మొదటి ఆట. బాయ్డ్ మోచెయ్యి తగిలి అతని దవడ విరిగింది. బాయ్డ్‌కి పన్నెండు నెలల సస్పెన్షను పడింది. అది ముగించుకుని 1984లో తిరిగొచ్చాడో లేదో, ఈసారి కాంటర్‌బరీ ఆటగాడు బిల్లీ జాన్‌స్టన్ కంట్లో వేలు పెట్టాడన్న నేరం మీద పదిహేను నెలలు. రెండూ కలిపి 27 నెలలు! అదీ ఇరవై ఆరూ ఇరవై తొమ్మిదేళ్ళ మధ్య, ఒంట్లో సత్తువ నిండుగా ఉన్న రోజుల్లో.

"అంత మొరటు ఆటలో మోచెయ్యి తగలడం ఒక తప్పా?" అని మా గదిలో మిత్రుడొకడు అడిగాడు. ఫిజిక్సు విద్యార్థిగా దీనికి జవాబు చెప్పాలి. వంద కిలోల మనిషి సెకనుకి ఆరు మీటర్ల వేగంతో వస్తున్నాడనుకోండి. ద్రవ్యవేగం 600 యూనిట్లు. సెకనులో మూడు పదోవంతుల కాలంలో ఆపాలంటే సగటున 2000 న్యూటన్ల బలం కావాలి, అనగా రెండు క్వింటాళ్ళ పైచిలుకు బరువు మీద పడ్డట్టు. అదే భుజంతో, చేతులతో పొదివిపట్టి ఆపితే సుమారు రెండొందల చదరపు సెంటీమీటర్ల మేర పంచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకి పది న్యూటన్లే. మోచేతి మొన వైశాల్యం మహా అయితే పది చదరపు సెంటీమీటర్లు. ఒంటి బలమంతా మోచేతిలోకి రాదు, నిజమే. పదోవంతు వచ్చినా సరే, అక్కడ ఒత్తిడి దానికి రెట్టింపు. అది కండ మీద కాదు, దవడ ఎముక మీద పడుతుంది. కర్రు మొన సన్నగా ఉంటేనే కదా నేలలో దిగేది! కనుక గట్టిగా ఆడటం వేరు, మోచెయ్యి విసరడం వేరు. రెండోది మొదటిదానికి కొనసాగింపు కాదు. ఆట నియమం గీత గీసింది సరిగ్గా ఇక్కడే.

మరి తప్పెవరిది? బాయ్డ్ గురించి రాసేవాళ్ళు వెస్టర్న్ సబర్బ్స్ కోచ్ రాయ్ మాస్టర్స్ పేరు ఎత్తకుండా ఉండరు. ఆయన పూర్వం బడిపంతులు. తన కుర్రాళ్ళని రేకుల ఇళ్ళవాళ్ళనీ, మాన్లీ క్లబ్బు వాళ్ళని షోకు దొరలనీ పేర్లు పెట్టి, కూలివాడల కోపాన్ని ఆటలోకి మళ్ళించాడు. ఆటకి ముందు గదిలో ఆటగాళ్ళు ఒకరి చెంపలొకరు వాయించుకుని వేడెక్కేవారు. 1978లో ఆ జట్టు లీగు పట్టికలో మొదటి స్థానానికి వచ్చింది కూడా. అలా వేడెక్కించిన కుండ పొంగిందంటే తప్పు కుండదా, పొయ్యిదా అని నేనూ మొదట అనుకున్నాను. కానీ తేదీలు చూడండి. 1980లోనే బాయ్డ్ ఆ షోకు దొరల క్లబ్బు మాన్లీకి మారిపోయాడు. రెండు సస్పెన్షన్లూ అక్కడున్నప్పుడే. కోచ్‌ని వదిలేసిన మూడేళ్ళకి విసిరిన మోచేతిని ఆ కోచ్ ఖాతాలో రాయడం నాకు న్యాయంగా తోచదు.

ఇక లెక్క. మా హాస్టల్ వాదనలో నేను చేసిన పొరపాటు లెక్కలోనే ఉంది. ఊహకి ఇద్దరు ఫార్వర్డులు. మొదటివాడు పది ఆటలూ ఆడి, ఆటకి వంద మీటర్లు బంతిని మోస్తాడు. రెండోవాడు ఒకరోజు 160, మరోరోజు 100. సగటు 130. చూడగానే రెండోవాణ్ణే ఎన్నుకుంటాం. కానీ వాడు నాలుగు ఆటలు సస్పెన్షనులో ఉన్నాడు. ఆడినవి ఆరే. మొత్తం 780 మీటర్లు. మొదటివాడివి వెయ్యి. సగటు తీసేటప్పుడు మనం ఆడిన ఆటలతోనే భాగిస్తాం. జట్టు మాత్రం పది ఆటలూ ఆడాలి! ఆ నాలుగు సున్నలూ ఎవడి పేరున వెయ్యాలి? పరీక్షకి రానివాడి మార్కుల మెమోలో అబ్సెంట్ అని ఊరికే వదిలేస్తారా?

మాన్లీకి ఈ సున్న ఎంత బరువో 1983లో తెలిసింది. ఆ ఏడు లీగు పట్టికలో మొదటి స్థానం వాళ్ళదే. ఫైనల్లో పారమాటా చేతిలో 18-6 తేడాతో ఓడిపోయారు. బాయ్డ్ బయట కూర్చుని ఉన్నాడు. అతను ఉంటే గెలిచేవారని నేననను. 1982 ఫైనల్లో అతను ఉన్నా పారమాటాకే 21-8తో ఓడారు. కానీ ఏడాది పొడుగునా చెమటోడ్చిన మిగతా వాళ్ళకి, తమ పూర్తి జట్టుతో ఆ ఆట ఆడే హక్కు ఉందా, లేదా? మా కబడ్డీ కుర్రాడు గీత బయట కూర్చున్న రెండేసి నిమిషాలు, లోపల ఆరుగురు ఎవరి వంతు పట్టు పట్టారో ఆ రాత్రి మాలో ఒక్కడూ అడగలేదు. నేనూ అడగలేదు.

బాయ్డ్ కథ అక్కడితో అయిపోలేదు. ఇదే నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. 1985లో ఇంగ్లండు వెళ్ళి వారింగ్టన్ క్లబ్బులో చేరాడు. లివర్‌పూల్‌కీ మాంచెస్టర్‌కీ నడుమ ఉన్న పారిశ్రామిక పట్టణం అది. 1986 మేలో లీడ్స్‌లో ప్రీమియర్‌షిప్ ఫైనల్ జరిగింది. హాలిఫాక్స్ మీద వారింగ్టన్ 38-10తో గెలిచింది. ఆ ఆటలో శ్రేష్ఠ ఆటగాడికిచ్చే హ్యారీ సండర్‌లాండ్ ట్రోఫీ బాయ్డ్‌దే. అదే ఒళ్ళు, అదే ఊపు. "ఆ దుడుకుతనం తీసేస్తే వాడి ఆటే పోతుంది" అనే మాట మా హాస్టల్లోనూ వినపడింది. ఈ ఒక్క ఫైనల్ చాలు ఆ మాట తప్పని చెప్పడానికి.

బ్రోమన్ సంగతి కూడా చెప్పాలి. అతను నష్టపరిహారం కోసం దావా వేశాడు. అది కోర్టు బయట రాజీ అయింది. స్టేట్ ఆఫ్ ఆరిజిన్‌లో క్వీన్స్‌లాండ్ చొక్కా అతను మళ్ళీ ఒక్కసారే వేసుకున్నాడు, మూడేళ్ళ తరవాత, బాయ్డ్ ఆ ట్రోఫీ అందుకున్న 1986లోనే. ఆ మూడేళ్ళకీ ఎవరి పేరున సున్నలు వెయ్యాలో నా లెక్కలో ఎక్కడా గడి లేదు.