రాజుల తోటలును చెరువుల నీళ్లును

చదువవలసిన భాగములు: ప్రసంగి 2:4–11, నెహెమ్యా 2:1–8, 1 రాజులు 21వ అధ్యాయము.



పరదైసు అను మాట మన సంఘములలోని చిన్నపిల్లలకును తెలిసినదే. అయితే ఆ మాట మొదట పరలోకమునుగూర్చి పుట్టినది కాదు. అది పారసీక దేశపు పాత మాటనుండి వచ్చినది. చుట్టును గోడ కట్టిన స్థలమని దాని అర్థము. పారసీక రాజులు తమ నగరులయొద్ద విశాలమైన భూమికి గోడ కట్టించి, లోపల చెట్లు నాటించి, కాలువలు పారించి, దానికి ఆ పేరు పెట్టిరి. క్రీస్తుకు పూర్వము 6వ శతాబ్దమున కోరెషు చక్రవర్తి పసర్గదే అను రాజధానిలో వేయించిన తోటయొక్క రాతికాలువలు నేటికిని కనబడుచున్నవి.

ఈ మాటయే హెబ్రీ భాషలోనికి వచ్చెను. ప్రసంగి 2వ అధ్యాయమున రాజు వేయించుకొనిన తోటలకును, నెహెమ్యా 2వ అధ్యాయమున ఆసాపు కాయుచుండిన రాజుగారి అడవికిని ఉన్నది ఈ మాటయే. యెరూషలేము గుమ్మములకు దూలములు కావలసినప్పుడు నెహెమ్యా అంతటివాడును రాజునొద్ద తాకీదు వ్రాయించుకొని పోవలసివచ్చెను. అడవి అంచున నివసించు జూలూరుపాడు ప్రాంతపు వారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. ఒక టేకు దుంగ కదలవలెనన్నను కాగితము కావలెను గదా! తరువాతి కాలమున పాత నిబంధనను గ్రీకు భాషలోనికి తర్జుమా చేసినవారు ఏదెను తోటకును ఆ మాటనే వాడిరి. ఈ విధముగా రాజు గోడలోపలి తోట పేరు క్రమముగా పరలోకపు పేరాయెను.

పారసీకుల తోటల వాడుక మన తెలుగు దేశమునకును వచ్చినది. 1518 మొదలు 1687 వరకు గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీల మూలపురుషుడైన సుల్తాన్ కులీ పారసీక దేశపు హమదాన్ ప్రాంతమునుండి వచ్చినవాడు. 1591లో హైదరాబాదు నగరము కట్టబడినప్పుడు నగరులతోపాటు తోటలును వెలసెను. 17వ శతాబ్దమున ఈ దేశమునకు వచ్చిన టావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు, రాజనగరులో కమానులమీదనే తోటలున్నవనియు, అంత పెద్ద చెట్ల బరువును ఆ కమానులు మోయుట ఆశ్చర్యమనియు వ్రాసియున్నాడు.

అయితే తోటకు నీరెక్కడిది? గోలకొండ కోటకు దుర్గము చెరువునుండి నీరు తెచ్చిరి. చక్రములు త్రిప్పి, ఒక తొట్టినుండి మీది తొట్టికి నీరెక్కించి, మట్టిగొట్టములద్వారా పంచిరి. పురావస్తు శాఖవారు 2014లో నయా ఖిల్లా తోటలో త్రవ్వగా కాలువలు, తొట్లు, మట్టిగొట్టములు బయటపడెను. ఎంత తెలివి! ఎంత శ్రమ! అయినను ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి 1687లో కోటను పట్టుకొనెను. రాజు పోయెను, నీరెక్కించు పని ఆగెను, తోట మంటిపాలాయెను. పని చేసినవారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

ఇప్పుడు మనకు దగ్గరనున్న ఓరుగల్లును చూడుడి. కాకతీయుల రాజ్యము 1323లో కూలెను. కోటనడుమ గొప్ప తోరణములు నిలిచియున్నవి గాని, ఆ రాజులు నివసించిన నగరు నేడు లేదు. అయితే గణపతిదేవుని కాలమున, అనగా 13వ శతాబ్దమున, వెలసిన రామప్ప చెరువును పాకాల చెరువును ఇంకను పొలములను తడుపుచునే యున్నవి. గుట్టలమధ్య కట్ట వేసి వాననీటిని ఆపిరి. ఆ నీరు తానే పల్లమునకు పారెను. చెరువు వేయించి కాపాడువారికి దాని క్రింది భూమిలో కొంత భాగమిచ్చు పద్ధతియు నాడుండెను. దానిని దశబంధమనిరి. కాబట్టి కట్ట తెగినచో మా పంట పోవునని ఎరిగినవారే దానిని కాచుకొనిరి.

ఈ రెండింటికిని భేదము చూచితిరా? రాజతోటకు నీరు ఒక్కనికొరకు పైకెక్కెను. చెరువు నీరు అనేకులకొరకు క్రిందికి దిగెను. ఎక్కించువారు లేనప్పుడు మొదటిది ఎండెను. రెండవదానికి ఏడువందల యేండ్లు దాటినను ప్రాణమున్నది.

గోడ కట్టినవానికి మరియొక శోధన కలదు. అది గోడను ముందుకు జరుపుట. అహాబునకు నగరున్నది, భూములున్నవి. అయినను ప్రక్కనున్న నాబోతు ద్రాక్షతోట కూరతోటగా కావలసివచ్చెను. నాబోతు పితరుల స్వాస్థ్యమును ఇయ్యననగా రాజు ముఖము త్రిప్పుకొని పరుండెను. అటుపిమ్మట జరిగినదానిని శ్రద్ధగా చదువుడి. సైన్యము రాలేదు. యెజెబెలు తాకీదులు వ్రాసి రాజు ముద్ర వేసెను. ఊరి పెద్దలు వాటిని అందుకొని, ఆమె చెప్పినట్లే చేసిరి. ఇద్దరు మనుష్యులు అబద్ధ సాక్ష్యము పలికిరి. ఆ పెద్దలు కాదనియుండినయెడల, ఆ ఇద్దరు నోరు తెరవకయుండినయెడల ఆ ముద్ర ఏమి చేయగలదు? ఒక్క తోట గోడ జరుగుటకు ఊరంతటి మౌనము కావలసివచ్చెను. ఏలీయా మాత్రము వచ్చి రాజు ఎదుట మాటలాడెను.

నేడు రాజులు లేరు. 1750లో ఆరంభమైన చౌమహల్లా నగరు 2005లో ప్రజలు చూచుటకు తెరువబడెను. నిజాముల తోటయైన బాగె ఆమ్ నేడు ప్రజలందరును నడచు తోటయే. గోడలు తెరువబడుట మంచిదే. కాని అహాబు కోరిక నగరులలో మాత్రమే పుట్టునది కాదు. చెరువు శిఖము భూమిలోనికి ఒక సాలు జరిపి దున్నుటలోను, విధవరాలి గట్టును చెక్కుటలోను, పెద్దమనిషి చెప్పెనని చూడని సంగతికి వేలిముద్ర వేయుటలోను అదియే యున్నది. 2015లో ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరట చెరువుల పూడిక తీయించుట మొదలుపెట్టెను. పూడిక తీయుట యంత్రముల పని. గట్టు కాచుట మాత్రము ఊరివారి పని.

తరగతిలో మాటలాడుకొనుటకు:

1. మన ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరి? దాని క్రింద ఎవరి పొలములు పారుచున్నవి? ఎవరికి నీరందుట లేదు?

2. యెజ్రెయేలు పెద్దలు తాకీదు అందుకొనిన దినమున ఏమి చేసియుండవచ్చును?

3. భూమి తగవులో మనలను సాక్షిగా పిలిచినప్పుడు, చూచినదే చెప్పుటకు మనకు అడ్డువచ్చు భయమేది?