ఏ కంపెనీ టైర్లు కొనాలి?

ప్రశ్న: మా కారు టైర్లు మార్చాలి. ఒకరు ఎంఆర్ఎఫ్ అంటే, ఇంకొకరు మిషెలిన్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇద్దరూ తమ అనుభవమే చెబుతున్నారు. కానీ వాళ్ల కారు, తిరిగే రోడ్లు, వేసే బరువు మీవి కావు. పైగా ఒకే కంపెనీ ఎక్కువ మన్నే రకాన్నీ, చప్పుడు తక్కువ చేసే రకాన్నీ విడివిడిగా తయారుచేస్తుంది. కాబట్టి కంపెనీ పేరు ఒక్కటే అడిగితే చాలదు. ఏ మోడల్, ఏ సైజు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, వానలో బ్రేకు ఎలా పడింది అని అడగండి. గాలి సరిచూడకుండా, అలైన్‌మెంట్ చేయించకుండా నడిపితే ఎంత ఖరీదైన టైరైనా త్వరగా అరుగుతుంది.

గుంతల రోడ్లపై ఎక్కువగా తిరిగేవారు పక్కగోడ గట్టిగా ఉన్న రకం చూసుకోవాలి. హైవే ప్రయాణాలు ఎక్కువైతే తడి రోడ్డుపై పట్టుకే మొదటి ప్రాధాన్యం ఇవ్వండి.

కొనేటప్పుడు టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 1425 అంటే 2025లో 14వ వారంలో తయారైందని అర్థం. పాత సరుకైతే తీసుకోకండి. రెండే మారుస్తుంటే కొత్తవాటిని వెనక వేయించండి. తడి రోడ్డుపై బండి వెనకభాగం జారకుండా ఉంటుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరుతో మాత్రం దయచేసి ప్రయాణం చేయకండి. ఆ కారులో మీ ఇంటిల్లిపాదీ కూర్చుంటారు.