పెట్టెలోని చిమ్మట

తెలంగాణలో కురుమల ఇళ్ళలోను, రాయలసీమలో కురుబల ఇళ్ళలోను తాతలనాటి నల్లగొంగడి నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. దక్కని గొఱ్ఱె ఉన్నిని వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేసిన ఆ గొంగడి వానకూ చలికీ ఓర్చుకొంటుంది. ఆశ్చర్యమేమంటే, ఏళ్ళ తరబడి అడవిలో తడిసినా చెడని వస్త్రం పెట్టెలో భద్రంగా మడిచిపెట్టిన తరువాతనే పాడవుతుంది. నాలుగు నెలలకు విప్పి చూస్తే జల్లెడవలె రంధ్రాలు! మాంసం కొరకు పెంచే నెల్లూరు జాతి గొఱ్ఱెలు మందలలో పెరిగి, నల్లఉన్ని తగ్గిపోయిన ఈ రోజులలో అటువంటి గొంగడిని మరల నేయించుకోవడం సులభం కాదు.

ఈ నష్టానికి ప్రధాన కారణం చిమ్మట. లేత బంగారువన్నెతో, వడ్లగింజ కంటె చిన్నదిగా ఉండే ఈ రెక్కలపురుగు నిజానికి ఏమీ తినదు; తినడానికి దానికి పనికివచ్చే నోరే లేదు. ఆడపురుగు ఉన్ని మడతలలో నలభై యాభై గ్రుడ్లు పెట్టి మరణిస్తుంది. వాటినుండి వెలువడే డింభకాలే బట్టను కొరుకుతాయి. వీటికి వెలుతురు గిట్టదు. కనుక దీపం చుట్టూ తిరిగే పురుగులను చంపి నిశ్చింతగా ఉండడం వలన ప్రయోజనం లేదు. అన్నట్లు, గొంగళిపురుగు గొంగళిని తింటుందని భ్రమపడరాదు. ఒంటినిండా నూగు ఉన్నందున దానికాపేరు వచ్చింది. దాని ఆహారం ఆకులు.

ఉన్ని, వెంట్రుక, ఈక, గోరు - ఇవన్నీ కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవి. దానిలోని గంధకపు బంధాలు మిక్కిలి దృఢమైనవి; మన జీర్ణకోశం వాటిని విడదీయలేదు. చిమ్మట డింభకపు ప్రేగులోని క్షారగుణం గల రసాలు ఆ పనిని చేయగలవు. అయితే కేవలం శుభ్రమైన ఉన్నితో అది చక్కగా పెరగలేదు. చెమట, కూరమరక, నూనెజిడ్డు దానికి కావలసిన లవణాలను, విటమినులను సమకూరుస్తాయి. మెడపట్టీ దగ్గర, చంకల దగ్గర స్వెట్టరు ముందుగా చిరగడానికి కారణం ఇదే.

రంధ్రాల దగ్గర పట్టువంటి సన్నని గూడు కనబడితే చిమ్మట అనీ, నూగుతో కూడిన విడిచిన చర్మాలు కనబడితే ఒక జాతి పెంకుపురుగు డింభకాలనీ గ్రహించవచ్చును. ఈ పెంకుపురుగు పెద్దదైన తరువాత పూలపుప్పొడి తిని బ్రతుకుతుంది. చూరులోని పాత పక్షిగూళ్ళు ఈ రెండింటికీ పుట్టినిళ్ళు.

మన ఇళ్ళలో నాఫ్తలీను గోళీలు వేయడం పరిపాటి. సందులున్న బీరువాలో ఆ ఆవిరి నిలువదు గనుక పురుగు చావదు. వాసన మాత్రం మనకు మిగులుతుంది. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. పుట్టుకతో జి-6-పి-డి అనే ఎంజైము లోపించిన పసిబిడ్డలకు, ఈ గోళీల నడుమ ఉంచిన బట్టలు తొడిగితే, ఎఱ్ఱరక్తకణాలు విచ్ఛిన్నమై ప్రమాదకరమైన కామెర్లు రావచ్చును. ఐరోపా సమాఖ్య 2008లో వీటి అమ్మకాన్ని నిలిపివేసింది. వేపాకు విషయంలో ప్రాణభయం లేదు గాని, లోపల చేరిన డింభకాన్ని అది చంపుతుందని నమ్మి ఊరుకోరాదు.

ఉన్నిబట్టను ఉతికి, మడతలు విప్పి ఎండలో ఆరవేసి, కుట్లవెంబడి బ్రష్షుతో గట్టిగా దులపాలి. గ్రుడ్లు రాలిపోతాయి; డింభకాలు వెలుతురుకు ఓర్వలేక బయటపడతాయి. ఉతకడానికి వీలులేని శాలువను పాలిథీను సంచిలో బిగించి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిగల ఫ్రీజరులో రెండు వారాలుంచితే లోపలి పురుగు నశిస్తుంది. బట్టను తిరిగి పెట్టేముందు పెట్టె మూలలలోని నలుసులను కూడా ఊడ్చివేయాలి. మిగిలిన గ్రుడ్లు ఉండేది అక్కడనే.